ఏడ్చే మగవానిని నమ్మరాదా?



మన తెలుగునాట తరతరములుగా వాడుకలోనున్న సామెత యొకటి కలదు. నవ్వే ఆడదానిని, ఏడ్చే మగవానిని నమ్మరాదని. పెద్దల నోట మనము దీనిని విన్నాము. పిల్లలకు మనమే వినిపించినాము. వినుటకు హాస్యముగా నుండును. కాని కొంచెము నిదానించి చూచినచో ఈ చిన్న మాటలో రెండు సంకెళ్లు కనబడును. ఒకటి స్త్రీ నోటికి వేసినది. ఆమె మనసార నవ్వరాదు. రెండవది పురుషుని కంటికి వేసినది; అతడు మనసార ఏడ్వరాదు. మొదటి సంకెల గూర్చి నూరేండ్లకు పైగా సంస్కర్తలు మాట్లాడుచున్నారు. అది కొంత తెగినది, చాల మిగిలియున్నది. రెండవ సంకెల గూర్చి మాట్లాడువారు అరుదు.

ఏడ్చే మగవానిని నమ్మరాదని నేర్చిన సమాజము, హింసకు గురియైన మగవానిని కూడ నమ్మదు. ఇదియే ఇచ్చట విచారింపదగిన ధర్మప్రశ్న. పురుషుడు పురుషుడైనందువలననే, లేక అతని పురుషత్వమునే గురిగా చేసికొని, ఎవరైన అతనిని హింసించినప్పుడు ఆ బాధను మనము బాధగా గుర్తింపవలెనా? గుర్తించినచో స్త్రీల బాధకు అన్యాయము చేసినవారమగుదుమా? గుర్తింపనిచో మనము దయగలవారమని చెప్పుకొనుటకు మనకు అర్హత మిగులునా?

ఇట్టి హింసను నేటి పత్రికలు లింగాధారిత హింస యనుచున్నవి. మన పాఠకులకు లింగ శబ్దము వినగానే స్ఫురించు అర్థము వేరు, పవిత్రము. కనుక నేను దీనిని స్త్రీపురుష భేదమున పుట్టిన హింస యని వ్రాయుచున్నాను. మరియొక సంగతి మొదటనే స్పష్టము చేయవలెను. ఈ హింసకు గురియగువారిలో స్త్రీలే అధికులు. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, వివాహితలైన 18-49 ఏండ్ల స్త్రీలలో దాదాపు 29 శాతము మంది భర్త చేతి హింసను అనుభవించినట్లు చెప్పినారు. ఈ సత్యమును తగ్గించి చూపుటకు నేను కలము పట్టలేదు. ఎక్కువ మందికి గాయమైనదనుట, తక్కువ మందికైన గాయమును చూడకుండుటకు కారణము కాజాలదు. వైద్యుని వాకిట నూరుగురు జ్వరపీడితులున్నారని, కాలు విరిగిన ఒక్కనిని వెనుకకు పంపుట ధర్మమగునా?

ఒక యింటిని ఊహింతము. పదునొకండేండ్ల బాలుడు పట్టణములోని హాస్టలు నుండి దసరా సెలవులకు ఇంటికి వచ్చినాడు. సెలవులు ముగిసినవి. వాడు తిరిగి పోనన్నాడు. అన్నము ముట్టడు; రాత్రులందు ఉలికిపడి లేచును. తండ్రి కారణమడిగినాడు. వాడు చెప్పలేకపోయినాడు. ఏమి జరిగినదో చెప్పుటకు వానికి మాటలే తెలియవు. తెలిసిన ఒకటి రెండు మాటలు ఇంటిలో పలుకరాని మాటలు. తండ్రి దుష్టుడు కాడు. తనకు తెలిసిన మంచిమాటే చెప్పినాడు. మగపిల్లవాడివి, ఆడపిల్లలాగా ఏడ్చెదవేమిరా అన్నాడు. బస్సెక్కించి వచ్చినాడు. ముప్పది యేండ్లు గడచినవి. ఆ బాలుడే తండ్రియైనాడు. తన కుమారుని హాస్టలులో చేర్పించుటకు దరఖాస్తుపై సంతకము చేయబోయినప్పుడు అతని చేయి వణకినది. ఎందుకని భార్య అడిగినది. ఏమియు లేదన్నాడు. ముప్పది యేండ్ల క్రిందట చెప్పలేనివాడు నేడును చెప్పలేకున్నాడు. ఇది ఊహించిన కథయే. కాని చదువరులలో ఎవరికైన ఇది తన యింటి కథవలె తోచినచో నేను ఆశ్చర్యపడను.

ఆశ్చర్యపడకుండుటకు ఆధారము కలదు. కేంద్ర ప్రభుత్వపు స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో బాలలపై హింసను గూర్చి యొక అధ్యయనమును వెలువరించినది. 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను ప్రశ్నించి దానిని కూర్చినారు. అందులో 53.22 శాతము మంది ఏదో ఒక రూపమున లైంగిక హింసకు గురియైనట్లు తెలిపినారు. వారిలో బాలురు 52.94 శాతము. అనగా బాధితులలో బాలురు సగమునకు పైగా నున్నారు. హింసించినవారిలో దాదాపు సగము మంది ఆ పిల్లలకు తెలిసినవారు, నమ్మకస్థానమున నున్నవారు. చాలమంది పిల్లలు ఎవరికిని చెప్పుకొనలేదు. ఈ హింస అధికముగా నమోదైన రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆడపిల్లను గూర్చి మనము భయపడుదుము. వేళకు ఇంటికి రావలెనందుము. మగపిల్లవానికి ఏమగునులే యని నిశ్చింతగా నిద్రించితిమి. మన నిద్ర వానిని కాపాడలేదు.

చట్టము కూడ చాలకాలము నిద్రించినది. 2012కు పూర్వము బాలునిపై లైంగిక హింస జరిగినచో దానికి ప్రత్యేకమైన చట్టము లేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షనే దిక్కు. ఆ సెక్షను ప్రకృతి విరుద్ధమైన చర్య యని మాట్లాడెనే గాని, గాయపడిన పిల్లవాని గూర్చి మాట్లాడలేదు. 2012 నవంబరు 14న అమలులోనికి వచ్చిన పోక్సో చట్టము ఈ లోపమును సవరించినది. దాని ప్రకారము పదునెనిమిదేండ్లు నిండని ప్రతి వ్యక్తియు బాలలలోని వాడే. ఆడ మగ భేదము లేదు. ఆ చట్టమునందలి 19వ సెక్షను మరియొక బాధ్యత మోపినది. ఇట్టి నేరము జరిగినదని తెలిసినవారు ఎవరైనను పోలీసులకు తెలుపవలెను. తెలిసియు దాచిన సంస్థాధికారికి ఏడాది వరకు జైలుశిక్ష కలదు. మఠములు, విద్యాసంస్థలు, వసతి గృహములు నడుపు పెద్దలు ఈ మాటను రెండుమారులు చదువుకొనవలెను. సంస్థ గౌరవము కొరకు మాట బయటికి పొక్కనీయరాదనుట పూర్వము లోకజ్ఞానముగా చలామణి యైనది. నేడది నేరము. ధర్మదృష్టిలో అది ఎప్పుడును నేరమే.

బాలుని సంగతి ఇట్లు కొంత కుదుటపడగా, వయోజనుడైన పురుషుని సంగతి విపరీతమైన దారి పట్టినది. శిక్షాస్మృతిలోని 375వ సెక్షను అత్యాచారమునకు గురియగునది స్త్రీ మాత్రమే యని నిర్వచించినది. పురుషునికి 377వ సెక్షను మాత్రమే మిగిలినది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, వయోజనుల పరస్పర సమ్మతితో జరుగుదానికి ఆ సెక్షను వర్తింపదని తీర్పు చెప్పినది. సమ్మతి లేని బలాత్కారమునకు దానిని నిలిపియుంచినది. కాని 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆ సెక్షను పూర్తిగా తొలగిపోయినది. అత్యాచార నిర్వచనము మాత్రము పూర్వమువలె స్త్రీకే పరిమితమైనది. ఇట్టి రక్షణను నిలుపవలెనని పార్లమెంటు స్థాయీసంఘము 2023లోనే సూచించినది. ఆ సూచన చట్టములోనికి రాలేదు. ఫలితముగా, బలాత్కారమునకు గురియైన వయోజన పురుషుడు నేడు పోలీసు స్టేషనుకు పోయినచో, గాయపరచినారని, నిర్బంధించినారని ఫిర్యాదు వ్రాయవచ్చును. తనకు నిజముగా జరిగినదానికి మాత్రము ఆ పుస్తకములో పేరు లేదు.

పేరు లేని బాధ ఎంత భారమో అనుభవించినవారికే తెలియును. ఇతర దేశములును ఈ సంగతిని ఆలస్యముగానే గ్రహించినవి. ఇంగ్లండులో పురుషుడు కూడ అత్యాచార బాధితుడు కాగలడని చట్టము ఒప్పుకొనినది 1994లో. అమెరికాలో ఎఫ్‌బీఐ వారు నేర గణాంకముల కొరకు 1927 నుండి వాడిన నిర్వచనము స్త్రీ గూర్చియే యుండెను. దానిని మార్చునట్లు 2012లో ప్రకటించినారు. మన దేశమున లా కమిషను 2000లో తన 172వ నివేదికలో ఈ మార్పును కోరినది. 2013 జనవరిలో జస్టిస్ వర్మ సంఘము ఒక వివేకవంతమైన మధ్యమార్గమును చూపినది. బాధితులు స్త్రీలైనను, పురుషులైనను, ఇతరులైనను చట్టము రక్షింపవలెను. నిందితుని విషయమున మాత్రము ఉన్న నిర్వచనమునే ఉంచవలెను అని. నిందితులను గూర్చిన నిర్వచనము మార్చినచో, ఫిర్యాదు చేసిన స్త్రీపైననే ఎదురు కేసు పెట్టి బెదరింతురని స్త్రీ సంఘములు భయపడినవి. ఆ భయము నిరాధారమైనది కాదు. కాని ఆ భయమును గౌరవించుచునే గాయపడిన పురుషునికి తలుపు తెరచుటకు వీలున్నదని వర్మ సంఘము నిరూపించినది. ఆ తలుపు ఇంకను తెరువబడలేదు.

ఇప్పుడు ఇంటి సంగతి. భార్య చేతను, బంధువుల చేతను దెబ్బలు, అవమానములు పడు పురుషులు లేకపోలేదు. 2005 నాటి గృహహింస చట్టము స్త్రీల రక్షణకే ఏర్పడినది. అట్టి అవసరమున్నది కనుకనే ఏర్పడినది. ఐనను పురుషుడు పూర్తిగా నిరాశ్రయుడు కాడు. 1955 నాటి హిందూ వివాహ చట్టము, వీరశైవులు లింగాయతులు అని పేరెత్తి మనకును వర్తించునట్లు చెప్పినది. ఆ చట్టమునకు 1976లో వచ్చిన సవరణ ప్రకారము క్రూరత్వము కారణముగా విడాకులు కోరు హక్కు భార్యకును భర్తకును సమానమే. కాని కోర్టు మెట్లెక్కుటకు ముందు ఎక్కవలసిన మెట్టు ఒకటి కలదు. నా భార్య నన్ను కొట్టుచున్నదని ఒక పురుషుడు అన్నకో మామకో చెప్పవలెను. విన్నవారు నవ్వకుండ వినవలెను. అచ్చటనే చాలమంది ఆగిపోవుచున్నారు.

ఆ నవ్వు ఎక్కడినుండి వచ్చుచున్నది? ఇదియే ఈ విచారణకు ఆయువుపట్టు. పిరికివానిని మన ఊళ్లలో ఏమని ఎగతాళి చేయుదురు? గాజులు తొడుక్కోమందురు. ఓడినవానికి చీర కట్టవలెనందురు. గాజులు మన తల్లి చేతివి. చీర మన చెల్లెలు కట్టినది. ఒక పురుషుని నీచపరచుటకు మనకు దొరికిన మాట, నీవు స్త్రీవంటివాడవని! అనగా స్త్రీ తక్కువదను భావము ముందే మన మనస్సున స్థిరపడియున్నది; దానినే రాయిగా చేసి పురుషునిపై విసరుచున్నాము. స్త్రీని తృణీకరించుట, పురుషుని హింసించుట వేరు వేరు రోగములు కావు. ఒకే విషవృక్షమునకు పుట్టిన రెండు కాయలు.

యుద్ధములలో ఇది మరింత భయంకరముగా కనబడినది. 1992లో బోస్నియాలో యుద్ధము మొదలైన పిదప బందీల శిబిరములు వెలసినవి. ఒమార్స్కా అను శిబిరములో బందీలైన పురుషులపై జరిగిన లైంగిక హింస, పూర్వపు యుగోస్లావియా కొరకు ఏర్పడిన అంతర్జాతీయ ట్రిబ్యునలు యొక్క మొట్టమొదటి విచారణలోనే బయటపడినది. 1997 మే నెలలో ఆ తీర్పు వెలువడినది. వివరములు వ్రాయుటకు నా కలము సాగదు, వ్రాయనక్కరయు లేదు. ఆ హింసకుల ఉద్దేశము శరీరమును బాధించుట మాత్రమే కాదు. నీవిక మగవాడవు కావు అని అతని చేతనే ఒప్పించుట వారి ఉద్దేశము. ఇచ్చట గాజులు తొడుక్కోమను ఎగతాళికిని, అచ్చటి శిబిరపు క్రౌర్యమునకును మధ్య దూరము చాల ఉన్నది. కాని దారి ఒక్కటే.

అదే దేశమున 1995 జూలైలో స్రెబ్రెనిట్సా పట్టణము పడిపోయినది. జయించిన సైన్యము జనమును రెండుగా విభజించినది. స్త్రీలను, చిన్నపిల్లలను బస్సులలో పంపివేసినది. పురుషులను, యౌవనమునకు రాని బాలురను సైతము పట్టుకొని చంపినది. చనిపోయినవారు ఎనిమిది వేలకు పైగా నున్నారు. వారు చేసిన అపరాధము ఆ జాతిలో మగవారుగా పుట్టుట. 2001లో ట్రిబ్యునలు దానిని జాతిసంహారమని నిర్ణయించినది. 2004లో అప్పీలులో అది స్థిరపడినది. 2007లో అంతర్జాతీయ న్యాయస్థానము కూడ అట్లే చెప్పినది. 2024 మే నెలలో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ జూలై 11వ తేదీని ఆ మృతుల సంస్మరణ దినముగా ప్రకటించినది. ఈ కథలో నన్ను కదలించిన సంగతి మరియొకటి కలదు. ఆ పురుషుల కొరకు ఏండ్ల తరబడి కోర్టుల చుట్టును, సమాధుల చుట్టును తిరిగినవారెవరు? వారి తల్లులు, భార్యలు, అక్కచెల్లెండ్రు. ఎముక దొరికిన చోటికెల్ల పోయి, ఇది నా బిడ్డదా యని అడిగినవారు స్త్రీలు. పురుషుల బాధను గూర్చి మాట్లాడినచో స్త్రీలకు ద్రోహమగునని వాదించువారికి ఆ తల్లులే సమాధానము.

ఇవి దూరదేశపు సంగతులని మనము చేయి దులుపుకొనుటకు వీలులేదు. 2018 సెప్టెంబరులో మన మిర్యాలగూడలో, ప్రేమించి కులాంతర వివాహము చేసికొనిన ఒక యువకుని, గర్భవతియైన భార్య కన్నుల యెదుటనే నరికి చంపినారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకనికి మరణశిక్షను, ఆరుగురికి యావజ్జీవ శిక్షను విధించినది. పరువు కొరకని ఆ హత్యకు కారణము చెప్పుదురు. ఆ పరువు ఎక్కడ దాచబడియున్నది? కుమార్తె శరీరమున. ఆమె తన మనస్సుతో ఒకనిని వరించినచో ఇంటి సొత్తు పరుల పాలైనట్లు భావించి, ఆ పరపురుషుని ప్రాణము తీయుదురు. కూతురిని సొత్తుగా చూచిన దృష్టియే అల్లుని శత్రువుగా చూచినది. కులాహంకారము కత్తి నూరినది. స్త్రీని ఆస్తిగా నెంచు బుద్ధి దానిని చేతికందించినది.

మన చరిత్ర యెరిగినవారికి ఇది క్రొత్త గాయము కాదు. 12వ శతాబ్దమున కల్యాణ నగరమునందు హరళయ్య కుమారునికి, మధువరసుని కుమార్తెకు వివాహము జరిగినందుకు ఆ తండ్రులిద్దరును బిజ్జలుని ఆజ్ఞచే ఘోరశిక్షకు గురియైనారని మన సంప్రదాయము చెప్పుచున్నది. ఆ రక్తమును తలచుకొని నేటికిని మనము కన్నీరు పెట్టుదుము. అట్టివారి సంతతియని చెప్పుకొను మన యిండ్లలో, పరువు పేరిట అల్లునిపైనో కుమారునిపైనో చేయెత్తువారుండినచో, వారు బిజ్జలుని పక్షముననే నిలచినారని తెలిసికొనవలెను.

ఇక ఆక్షేపణలను విచారింతము. పురుషుల బాధను ఎత్తుట స్త్రీల ఉద్యమమును బలహీనపరచుటకేనని కొందరందురు. ఈ అనుమానమునకు కారణము లేకపోలేదు. స్త్రీ యొకతె తన గాయమును చూపగానే, మరి మగవారి సంగతియేమని ప్రశ్నించువారిని మనము చూచుచున్నాము. వారిని పరీక్షించుటకు ఒక సులభమైన ఉపాయము కలదు. స్త్రీల మాట రానప్పుడు వారెన్నడైన పురుషుల బాధను తలచినారా? హాస్టలులోని బాలుని కొరకు, జైలులోని ఖైదీ కొరకు ఒక్క అడుగు వేసినారా? లేనిచో వారికి కావలసినది పురుషుని కన్నీరు తుడుచుట కాదు. స్త్రీ నోరు మూయుట. బాధితుని కన్నీటిని వాదమునకు ఆయుధముగా వాడుకొనుట అతనిని రెండవసారి హింసించుటయే. కాని దొంగ యొకడు దీపము పట్టుకొని తిరిగినాడని మనము దీపమునే ఆర్పివేయరాదు.

రెండవ ఆక్షేపణ, పురుషుడు బలవంతుడు గదా, అతడు బాధితుడెట్లగునని. బలమనునది ముంగురులవలె పుట్టుకతో వచ్చి తలపై నుండునది కాదు. అది ఇద్దరి మధ్య నుండు సంబంధము. వార్డెను ముందు బాలుడు, జైలరు ముందు ఖైదీ, యజమాని ముందు వలసకూలి, సాయుధుని ముందు నిరాయుధుడు, కుమారుని ముందు మంచము పట్టిన తండ్రి, వీరందరును పురుషులే. వీరిలో ఒక్కడును బలవంతుడు కాడు. సమాజమున పురుషజాతికి ఆధిక్యమున్నదనుట సత్యము. ఈ గదిలో, ఈ రాత్రి, ఈ పురుషుడు నిస్సహాయుడనుటయు సత్యమే. మొదటి సత్యము చూపి రెండవదానిని కాదనువారు మనుష్యుని చూచుట లేదు, పట్టికను చూచుచున్నారు.

మూడవ ఆక్షేపణ సున్నితమైనది. బాధను చెప్పుకొన్నచో పురుషుడు బలహీనుడగునని. నిజమునకు దాచుట వలననే అతడు బలహీనుడగును. మూసిన పుండు మానదు; లోలోన కుళ్లును. చెప్పుకొనలేని బాధ మద్యముగా మారును, కోపముగా మారును, కొన్ని యిండ్లలో భార్యపైనను బిడ్డలపైనను దెబ్బలుగా మారును. ఇట్లనుట వలన కొట్టినవాని తప్పు తగ్గదు. తాను పడినంత మాత్రమున పరులను పడవేయు హక్కు ఎవరికిని లేదు. కాని బాలుని కన్నీరు నాడు తుడిచినచో, ముప్పది యేండ్ల పిదప ఒక యిల్లాలి కన్నీరు కారకయే యుండవచ్చును. ఈ విధముగా చూచినను పురుషుని బాధను వినుట స్త్రీకి మేలేగాని కీడు కాదు.

శరణులు ఆత్మకు స్త్రీపురుష భేదము లేదన్నారు. ఈ సిద్ధాంతమును మనము స్త్రీల సమానత్వమునకు ప్రమాణముగా చూపుదుము, అది సముచితమే. అనుభవ మంటపమున అక్కమహాదేవి కూర్చుండి మాట్లాడినందువలన అల్లమప్రభువు పీఠము చిన్నది కాలేదు, మంటపము పెద్దదైనది. అట్లే నేడు గాయపడిన పురుషునికి చోటిచ్చినచో స్త్రీకి చోటు తగ్గదు. ఆత్మకు భేదము లేదని నమ్మినవారికి ఆర్తికి భేదమెట్లుండును? దయ గాదెలోని ధాన్యము కాదు, ఒకరికి కొలిచిన కొలది మరియొకరికి తరుగుటకు. అది ఊటబావి, తోడిన కొలది ఊరును.

మరి మనము చేయవలసినదేమి? పెద్ద పెద్ద తీర్మానములు అక్కరలేదు. ఇంటిలో మగపిల్లవాడు ఏడ్చినప్పుడు, మగవాడివి ఏడ్వరాదను మాటను మానుదము. ఏమైనది నాన్నా యని అడుగుదము. నీ శరీరమును నీ యిష్టము లేక ఎవరును తాకరాదు, తాకినచో ఎంతటివారైనను వచ్చి నాతో చెప్పుమని కుమార్తెకు చెప్పినట్లే కుమారునికిని చెప్పుదము. వాడు చెప్పినప్పుడు మొదట పలుకవలసిన మాట, ఇందులో నీ తప్పు లేదు అని. పిల్లల సహాయమునకు 1098 అను ఫోను సంఖ్య కలదు. ఆ సంఖ్య ఇంటి గోడపై నుండుట మంచిది. ఎగతాళికి కూడ గాజులు, చీర అను మాటలను నోట రానీయకుందము.

మఠములకు ఒక ప్రత్యేక విన్నపము. పేదపిల్లలకు అన్నము పెట్టి విద్య చెప్పించిన కీర్తి మన మఠములది. నమ్మకముతో తల్లిదండ్రులు బిడ్డలను మన గడపలో విడిచిపోవుచున్నారు. చిన్నపిల్లలను పెద్ద విద్యార్థులతో కలిపి పడుకొనబెట్టరాదు. రాత్రివేళ వసతి గదుల తాళములు ఒక్కని చేతనే యుండరాదు. పిల్లలు ఫిర్యాదు చేయుటకు, ఆ వార్డెనుకు సంబంధము లేని వ్యక్తి ఒకరు, వారిలో ఒక మాతృమూర్తి, నెలకొకసారియైన వచ్చి కూర్చుండవలెను. తప్పు జరిగినచో నిందితుడెంత పూజ్యుడైనను, ఎంత పాతకాపైనను పోలీసులకు తెలుపవలెను. కాషాయము నేరమునకు కప్పు కారాదు. ఒక సంస్థ పేరు పోయినచో మరల సంపాదించుకొనవచ్చును. ఒక పసివాని బాల్యము పోయినచో ఎవరు తెచ్చి ఇయ్యగలరు?

చట్టమునందలి లోపము గూర్చి మన న్యాయవాదులు, ప్రజాప్రతినిధులు ఆలోచింపవలెను. స్త్రీలకున్న రక్షణలో ఒక్క అక్షరమును తగ్గింపనక్కరలేదు. గాయపడినవాడు పురుషుడైనను అతనికి జరిగినదానికి పేరుండవలెనని మాత్రమే అడుగుదము. వర్మ సంఘము చూపిన దారి మన ముందున్నది.

మొదట ఊహించిన ఆ తండ్రి దరఖాస్తు ముందు ఇంకను కూర్చుండియున్నాడు. భార్య మరల అడిగినది. ఈసారి అతడు ఏమియు లేదని చెప్పక, కలము ప్రక్కన పెట్టి, నాకు పదునొకండేండ్లప్పుడు అని మొదలుపెట్టినాడనుకొందము. ఆమె నవ్వలేదు. సామెతలు చెప్పలేదు. ప్రక్కన కూర్చుండి విన్నది. అతడు ఏడ్చినాడు. ఆమె అతనిని నమ్మినది. ఆ సామెత ఆ యింటిలో ఆ నాటితో చెల్లినది. మన యిండ్లలోను అది చెల్లుగాక.